డాలరు వాడికి లోటు చెల్లుతుంది, మనకెందుకు చెల్లదు?

గుణుపురం కుర్రోడు
అమెరికా ప్రభుత్వ అప్పు 2024 నవంబరులోనే 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. లోటు ఏటా జీడీపీలో 6 శాతం దగ్గర. అయినా వాళ్ల పదేళ్ల బాండు మీద వడ్డీ 4, నాలుగున్నర దగ్గర తిరుగుతోంది. మన కేంద్రం లోటు 2024-25లో 4.8 శాతం. మన పదేళ్ల బాండుకి ఆరున్నర అటూ ఇటూ ఇవ్వాలి. లోటు ఎక్కువున్నోడికి వడ్డీ తక్కువా, తక్కువున్నోడికి ఎక్కువా? ఏటండీ ఈ న్యాయం? "వాళ్లది రిజర్వు కరెన్సీ (వేరే దేశాలు నిల్వగా దాచుకునే డబ్బు) కాబట్టి" అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కలో ఏముందో విడమర్చి చెప్పండి.

బరంపురం మేస్టారు
ముందు మీ లెక్కలో రెండు సవరణలు. కేంద్రం లోటొక్కటే పట్టుకుంటే కుదరదు, దానికి రాష్ట్రాల లోటు కూడా కలపాలి. కలిపితే మనమూ వాళ్ల కంటే వెనకబడి లేం. రెండోది ద్రవ్యోల్బణం. మన రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతం, వాళ్ల కేంద్ర బ్యాంకు ఫెడ్ లక్ష్యం 2 శాతం. మీరు చూపించిన రెండు రెండున్నర శాతం తేడాలో చాలా భాగం అక్కడే పోయింది. రూపాయి ఏటా కొంత కరుగుతుందని తెలిసినవాడు ఆ మేరకు వడ్డీ ఎక్కువే అడుగుతాడు. రిజర్వు కరెన్సీ వల్ల వచ్చే లాభం ఈ రెండూ తీసేశాక మిగిలినదే.

ఆ మిగిలినది లేదని అనడం లేదు. 2004 జూన్‌లో 1 శాతం ఉన్న ఫెడ్ రేటు 2005 ఫిబ్రవరి నాటికి 2.5కి చేరింది. మామూలుగా అయితే పదేళ్ల బాండు వడ్డీ కూడా లేవాలి. లేవలేదు సరికదా, కాస్త దిగింది. ఇదేమిటో అంతుబట్టడం లేదని ఫెడ్ అధిపతి గ్రీన్‌స్పాన్ అమెరికా కాంగ్రెస్ ముందే ఒప్పుకున్నారు. చైనా, జపాన్, చమురు దేశాలు తమ దగ్గర పోగుపడ్డ డాలర్లతో ఆ బాండ్లే కొంటూ ఉండటం దానికి ఒక పెద్ద కారణం. ధర చూసి కొనేవాళ్లు కారు వీళ్లు. నిల్వ పెట్టుకోవాలి కాబట్టి కొంటారు. ఏ ప్రభుత్వానికైనా అలాంటి ఖాతాదారు దొరకడం అదృష్టం.

ఎర్రమట్టి (దామంజోడి)
మేస్టారు పైనుంచి చెప్పారు, నేను కింద నుంచి చెబుతాను. పంచపట్మలి కొండ మీది బాక్సైటు దామంజోడిలో అల్యూమినాగా మారి, రైలెక్కి విశాఖ రేవుకి పోతుంది. విదేశీ కొనుగోలుదారు ధర కట్టేది డాలర్లలోనే. ఆ డాలరు ఎక్కడికి వస్తుందంటారు? విశాఖకీ రాదు, ముంబయికీ రాదు. మన బ్యాంకుకి న్యూయార్కు బ్యాంకులో ఒక ఖాతా ఉంటుంది, నాస్ట్రో అంటారు. కొన్నవాడి ఖాతాలో తగ్గి ఇందులో పెరుగుతుంది, అంతే. కంపెనీ ఖాతాలో పడేది రూపాయలు.

బ్యాంకు ఆ డాలరుని బజారులో అమ్ముతుంది. కొన్నది ఆర్బీఐ అయితే బ్యాంకు ఖాతాలో 85 రూపాయలు జమ చేస్తుంది (లెక్క తేలిగ్గా ఉండాలని 85 అంటున్నాను). ఆ 85 ఎక్కడి నుంచో తెచ్చినవి కావు, అప్పుడే పుట్టినవి. ఇక చేతికొచ్చిన డాలరుని ఆర్బీఐ ఊరికే ఉంచదు కదా. ఎక్కువ భాగం అమెరికా ట్రెజరీ బిల్లులు, బాండ్లు, ఇతర కేంద్ర బ్యాంకుల్లో డిపాజిట్లు, బంగారం. అంటే కోరాపుట్ కొండ తవ్విన డబ్బు తిరిగి తిరిగి వాషింగ్టన్ లోటుకి అప్పుగా చేరింది. డాలరు మాత్రం మొదటి నుంచి చివరి దాకా అమెరికా బ్యాంకుల గడప దాటలేదు.

నాగావళి (రాయగడ)
అయితే మన నిల్వలు వాళ్ల గుప్పిట్లో ఉన్నట్టే కదా! 2022 ఫిబ్రవరిలో రష్యావి దాదాపు 30,000 కోట్ల డాలర్ల విలువైన నిల్వలు ఒక్క సంతకంతో ఆగిపోయాయి.

ఎర్రమట్టి
వాటిలో సగానికి పైగా యూరప్‌లో ఉన్నవి, అన్నీ డాలర్లు కావు. కానీ మీరన్న మాట నిజమే. ఆ తరవాతే కేంద్ర బ్యాంకులు బంగారం మీద పడ్డాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఎర్రమట్టి గారు కథ సగంలో ఆపారు. పుట్టిన ఆ 85 రూపాయలు బ్యాంకుల్లో అలాగే ఉండిపోతే ఓవర్‌నైట్ వడ్డీ (బ్యాంకులు ఒక్క రాత్రికి ఇచ్చిపుచ్చుకునే అప్పు మీది వడ్డీ) ఆర్బీఐ పెట్టిన రెపో రేటు కిందకి జారుతుంది, తరవాత ధరలు పెరుగుతాయి. అందుకని ఆర్బీఐ తన దగ్గరున్న ప్రభుత్వ బాండ్లు అమ్మి వాటిని వెనక్కి లాగుతుంది. ఆ బాండ్లు చాలకపోతే ప్రభుత్వం పేర విడిగా బిల్లులు, బాండ్లు అమ్మాలి. 2004 ఏప్రిల్‌లో తెచ్చిన మార్కెట్ స్థిరీకరణ పథకం దీనికోసమే. ఆ బిల్లుల మీద వడ్డీ కేంద్ర బడ్జెట్టే మోసింది, అంటే నిల్వల ఖర్చు నేరుగా ద్రవ్యలోటులోకి వచ్చిపడింది. వచ్చిన సొమ్ము మాత్రం ప్రభుత్వం వాడుకోకుండా విడి ఖాతాలో పెట్టాలి.

ఒక డాలరుకి ఖర్చెంతో చూడండి. అక్కడ 4 శాతం వస్తుంది, 85 మీద 3.40. ఇక్కడ వదులుకున్న వడ్డీ 6.5 శాతం, 5.525. నష్టం ఏడాదికి 2.125. ఏడాది చివర డాలరు 87.125 అయితే మారకంలో ఆ నష్టం పూడుతుంది. రూపాయి గట్టిగా నిలబడిందా, నష్టం నష్టంగానే ఉంటుంది. నిల్వలు పెంచుకున్న దేశం సొంత కరెన్సీ బలపడితే ఏడవాలి! డాలరు అచ్చువేసే దేశానికి ఈ గొడవే లేదు.

బరంపురం మేస్టారు
చిన్న సవరణ. వడ్డీ కూడా డాలర్లలోనే వస్తుంది, ఏడాది చివర దాన్నీ కొత్త రేటుకే మార్చాలి. అసలు లెక్క 85 ఇంటూ 1.065, దాన్ని 1.04తో భాగించాలి. 87.04 వస్తుంది. మీది 87.125. చూడండి, ఏడాది ఫార్వర్డ్ డాలరు రేటు (ఏడాది తరవాత చేతులు మారే డాలరుకి ఇవాళే కుదుర్చుకునే ధర) ఉండాల్సింది కూడా సరిగ్గా ఈ 87.04 దగ్గరే. వడ్డీ రేట్లకీ మారకం రేటుకీ ముడి పడేది ఈ ఒక్క భాగహారంలోనే.

మహేంద్రతనయ
ఒప్పుకున్నాను మేస్టారూ, ఎనిమిది పైసల చిల్లర ఎక్కువ రాశాను.

గుణుపురం కుర్రోడు
నష్టమే అయితే ఆర్బీఐ కేంద్రానికి లక్షల కోట్లు ఎలా ఇస్తోంది? 2019లో 1.76 లక్షల కోట్లు, 2024లో 2.11, 2025లో 2.69. ఇందులో నిల్వల వాటా ఏదైనా ఉందా?

మహేంద్రతనయ
ఉంది, బాగానే ఉంది. అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా రాస్తాను.

డాలరు విలువ పెరిగిందని కాగితం మీద వచ్చే లాభాన్ని ఆర్బీఐ పంచదు. అది కరెన్సీ, బంగారం పునర్మూల్యాంకన ఖాతాలో నిల్వ ఉంటుంది. 2019లో బిమల్ జలాన్ కమిటీ దాన్ని ముట్టుకోవద్దని స్పష్టంగా చెప్పింది. అమ్మినప్పుడు చేతికొచ్చిన లాభం మాత్రం ఆదాయమే. ఆ లాభం సగటు కొనుగోలు ధర మీద లెక్కిస్తారు. పాత డాలర్లు 45కీ 60కీ కొన్నవి కూడా ఆ సగటులో ఉన్నాయి. ఉదాహరణకి సగటు 66 అనుకోండి. బజారులో 85కి అమ్మితే డాలరుకి 19 రూపాయలు ఆదాయం. రూపాయి మీద ఒత్తిడి వచ్చి ఆర్బీఐ డాలర్లు ఎక్కువ అమ్మిన 2024-25 లాంటి ఏడాది మిగులు ఎందుకు ఉబ్బిందో ఇప్పుడు తెలిసింది కదా. దానికి విదేశీ బాండ్ల వడ్డీ తోడు. అందులోంచి అత్యవసర నిధికి తీసి పెట్టాకే మిగతాది కేంద్రానికి పోతుంది. ఆ నిధి 2023-24లో బ్యాలన్స్ షీటులో 6.5 శాతం, 2024-25లో 7.5.

ఇక మెలిక. డాలరు 85కి అమ్మితే 85 రూపాయలు వెనక్కి లాగినట్టు. కొన్నాళ్లకి అదే డాలరు 85కే తిరిగి కొంటే 85 బయటికి పోయినట్టు. నిల్వ ఎప్పటిలాగే ఉంది. మధ్యలో పంచిన 19 మాత్రం ప్రభుత్వం ఖర్చు చేసేసింది, బ్యాంకుల్లోకి కొత్తగా చేరింది. అంటే లోటుకి కొంతమేర నోటు అచ్చువేసి ఇచ్చినట్టే, దారి మాత్రం వేరు. పైగా ఇప్పుడు సగటు ధర పైకి జరిగింది, వచ్చేసారి అంత లాభం రాదు.

నాగావళి
అచ్చువేసి ఇవ్వడం మన దగ్గర ఎప్పుడో మానేశారనుకున్నానే.

మహేంద్రతనయ
నేరుగా ఇవ్వడం మానేశారు. అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు 1997తో పోయాయి, వాటి బదులు పరిమితి ఉన్న చేబదులు వచ్చింది. ప్రభుత్వ బాండ్లు వేలంలో ఆర్బీఐ నేరుగా కొనడం 2006 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం ఆగింది. బజారులో మాత్రం కొనొచ్చు, అమ్మొచ్చు.

గుణుపురం కుర్రోడు
మరి మనమూ రూపాయల్లోనే అప్పు చేస్తున్నాం కదా. అప్పు మనది, నోటు మనది. ఎగవేసే అవసరమే రాదు. అలాంటప్పుడు అమెరికాకీ మనకీ తేడా ఎక్కడుంది?

బరంపురం మేస్టారు
మంచి ప్రశ్న. సొంత నోటులో అప్పు చేయగలగడం ఒక మెట్టు. ఆ నోటుని పరాయి దేశాలు దాచుకోవడం ఇంకో మెట్టు. మనం మొదటి మెట్టు ఎక్కాం. కేంద్రం డాలరు బాండ్లు జారీ చేయలేదు. 2019 జూలై బడ్జెట్టులో ఆ మాట వచ్చింది గానీ ముందుకు సాగలేదు, నా మటుకు అది మంచిదే అయ్యింది. విదేశీయులు కొన్ని రూపాయి బాండ్లు పరిమితి లేకుండా కొనడానికి 2020లో తలుపులు తీశారు. 2024 జూన్ 28 నుంచి విదేశీ నిధులు అనుసరించే జేపీ మోర్గాన్ బాండ్ల సూచీలో చేర్చి, నెలకి 1 శాతం చొప్పున 10 శాతానికి పెంచారు.

రెండో మెట్టు ఎక్కనివాడికి ఏమవుతుందో 2013 చూపించింది. మే 22న ఫెడ్ అధిపతి బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చన్నారు, అంతే. మే మొదట్లో 54 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. రూపాయిని నిలబెట్టడానికి ఆర్బీఐ జూలై 15న ఎంఎస్ఎఫ్ రేటుని (బ్యాంకులకి అత్యవసరంగా ఒక్క రాత్రికి ఇచ్చే అప్పు మీది వడ్డీ) 8.25 నుంచి ఒక్కసారిగా 10.25కి లేపింది. పదేళ్ల బాండు 9 శాతం దాటింది. లోటు చేసింది మన ప్రభుత్వమే, 2012-13లో కరెంటు ఖాతా లోటు (సరుకులు, సేవలు వగైరాల్లో బయటికి కట్టేది వచ్చేదాన్ని మించిన మొత్తం) జీడీపీలో 4.8 శాతానికి పెంచుకున్నదీ మనమే. ఎప్పుడు వసూలు చేయాలో మాత్రం ఫెడ్ నిర్ణయించింది.

తరవాత ప్రవాసుల డిపాజిట్లు రప్పించడానికి బ్యాంకులకి 3.5 శాతానికే స్వాప్ (ఇప్పుడు డాలర్లు తీసుకుని రూపాయలిచ్చి, గడువుకి ముందే కుదిరిన రేటుకి తిరిగి మార్చుకునే ఒప్పందం) ఇచ్చారు. అప్పటి బజారు రేటు కంటే చాలా తక్కువ. ఆ తేడా ఆర్బీఐ భరించింది. దాదాపు 2,600 కోట్ల డాలర్లు ఆ గుమ్మంలోంచి వచ్చాయి, మూడేళ్ల గడువు కాబట్టి 2016 చివరలో తిరిగి వెళ్లాయి. మన నిల్వల్లో ఎక్కువ భాగం ఇలాంటివేనని మరిచిపోకండి. చైనా సరుకు అమ్మి సంపాదించింది. మనం దాదాపు ఏటా కరెంటు ఖాతా లోటులోనే ఉండి, పెట్టుబడిగానో అప్పుగానో వచ్చిన డాలరుని దాచాం.

ఎర్రమట్టి
డాలరు కొరత వచ్చినప్పుడు ఎవరికి ముందు దక్కుతుందో కూడా చెప్పాలి మేస్టారూ. 2020 మార్చిలో ఫెడ్ 14 కేంద్ర బ్యాంకులకి స్వాప్ లైన్లు (వాళ్ల కరెన్సీ తీసుకుని డాలర్లు ఇచ్చే ఏర్పాటు) తెరిచింది. అందులో మనం లేం. మనకున్నది సొంత నిల్వే.

నాగావళి
అమెరికా కూడా దీనికి మూల్యం చెల్లిస్తోందని అంటారు. ప్రపంచానికి డాలర్లు కావాలంటే వాళ్లు కరెంటు ఖాతా లోటు నడపక తప్పదట, లోటు నడిపితే నమ్మకం పోతుందట. ట్రిఫిన్ అనే ఆయన చెప్పాడు.

బరంపురం మేస్టారు
రాబర్ట్ ట్రిఫిన్ 1960లో చెప్పింది అది కాదు, తరవాత అలా మారిపోయింది. ఆయన మాట్లాడింది బంగారం గురించి. ఔన్సు బంగారం 35 డాలర్లకి ఇస్తామని అమెరికా మాటిచ్చింది. విదేశీయుల దగ్గర డాలర్లు పెరుగుతూ పోతాయి, బంగారం పెరగదు. ఒకరోజు అందరూ వచ్చి అడిగితే? ఆ రోజు 1971 ఆగస్టు 15న వచ్చింది, అధ్యక్షుడు నిక్సన్ బంగారం ఇచ్చే ఆ కిటికీ మూసేశాడు. గమనించండి, 1960ల్లో అమెరికా కరెంటు ఖాతా మిగులులో ఉంది! డాలర్లు బయటికి పోయింది పెట్టుబడులుగా, అప్పులుగా, సాయంగా. కాబట్టి రిజర్వు కరెన్సీ దేశం సరుకుల లోటు నడపాల్సిందే అన్నది సూత్రం కాదు. బయటి నుంచి డిమాండు వచ్చినప్పుడు డాలరు ఉండాల్సిన దాని కంటే గట్టిగా ఉంటుంది, దానివల్ల వాళ్ల ఫ్యాక్టరీలకి ఇబ్బంది. అంతవరకు నిజం.

ఇంద్రావతి (జయపురం)
రిజర్వు కరెన్సీ అంటే అక్షయపాత్ర కాదని కూడా రాయండి. పౌండు కూడా రిజర్వు కరెన్సీయే. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్ ప్రభుత్వం అప్పు మీద పన్ను తగ్గింపులు ప్రకటించింది. మూడు రోజుల్లో పౌండు 1.03 డాలర్ల దగ్గరికి పడిపోయింది, ముప్పై ఏళ్ల బాండ్ల వడ్డీ లేచింది. పింఛను నిధులు మార్జిన్ (బాండ్ల ధర పడినప్పుడు అదనంగా కట్టాల్సిన హామీ సొమ్ము) కట్టలేక బాండ్లే అమ్మాయి, దాంతో ఇంకా లేచింది. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 6,500 కోట్ల పౌండ్ల దాకా కొంటామని దిగింది, చివరికి 1,930 కోట్లతో సరిపెట్టింది.

2011 ఆగస్టులో ఎస్ అండ్ పీ అమెరికా రేటింగు తగ్గిస్తే జనం భయపడి పరిగెత్తింది ఎటో తెలుసా? అమెరికా బాండ్ల వైపే. వడ్డీ తగ్గింది. 2025 ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన తరవాత మాత్రం బాండు వడ్డీ పెరిగింది, డాలరూ పడింది, రెండూ ఒకే వారంలో. అది మనలాంటి దేశాల లక్షణం.

బరంపురం మేస్టారు
ఒక్క వారాన్ని పట్టుకుని యుగం మారిందనకండి. నిల్వల్లో డాలరు వాటా 2000 ప్రాంతంలో 70 శాతం పైన ఉండేది, 2024కి 58 దగ్గర. పాతికేళ్లలో అంత. పోయినదంతా యువాన్‌కి కూడా పోలేదు, ఆస్ట్రేలియా, కెనడా డాలర్ల లాంటి చిన్నవాటికీ పోయింది.

గుణుపురం కుర్రోడు
మన రూపాయి ఎప్పటికైనా ఆ వరసలో నిలబడుతుందా?

బరంపురం మేస్టారు
ఒకప్పుడు కొంత నిలబడింది. కువైట్, ఖతార్, దుబాయి వైపు మన రూపాయే చెలామణీ అయ్యేది. దాంతో బంగారం దొంగరవాణా పెరిగింది. అక్కడి రూపాయలు ఇక్కడికి తెచ్చి స్టెర్లింగు (బ్రిటిష్ పౌండ్లు) అడిగేవారు, నిల్వ కరిగేది. అందుకని 1959లో ఆర్బీఐ గల్ఫ్‌కి విడిగా నోటు అచ్చువేసింది. 1961లో కువైట్ తప్పుకుంది. 1966 జూన్ 6న మనం డాలరుకి 4.76 నుంచి 7.50కి తగ్గించేసరికి మిగతావాళ్లలోనూ చాలామంది దండం పెట్టారు. పరాయివాడు నీ నోటు దాచుకున్నాడంటే, నీ విలువ తగ్గింపు అతని జేబు కత్తిరించడమే.

ఇప్పుడు 2022 జూలై 11 నుంచి వోస్ట్రో ఖాతాల్లో (విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో తెరిచే రూపాయి ఖాతాలు) రూపాయి చెల్లింపులకి వీలుంది. రష్యాతో చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మనం చమురు ఎక్కువ కొంటాం, వాళ్లు మన సరుకు తక్కువ కొంటారు. రూపాయలు వాళ్ల దగ్గర పేరుకుపోయాయి. పేరుకున్నది పెట్టుబడి పెట్టుకోవడానికి లోతైన బాండు మార్కెట్టు, ఎప్పుడంటే అప్పుడు తీసుకుపోయే స్వేచ్ఛ కావాలి. ఆ స్వేచ్ఛ పూర్తిగా ఇస్తే 2013 లాంటి రోజున గేటు వేయలేం.

ఇంద్రావతి
ఇది ఢిల్లీ, ముంబయి విషయం అనుకునేవాళ్ల కోసం ఒక మాట. ప్రపంచ బ్యాంకు అప్పులు ఒకప్పుడు కేంద్రం తీసుకుని రాష్ట్రానికి రూపాయల్లో ఇచ్చేది, మారకం నష్టం కేంద్రానిది. 2005 ఏప్రిల్ నుంచి పన్నెండో ఆర్థిక సంఘం చెప్పినట్టు, వచ్చిన షరతులతోనే రాష్ట్రానికి దింపుతున్నారు. డాలరు పెరిగితే ఆ కొత్త అప్పుల భారం ఒడిశా ఖజానాది. వడ్డీ కూడా సోఫర్ (అమెరికాలో ఒక్క రాత్రి డాలరు అప్పుల వడ్డీ రేటు) మీద ఇంత అని ఉంటుంది కాబట్టి, ఫెడ్ 2022 మార్చి నుంచి 2023 జూలై దాకా సున్నా దగ్గర నుంచి 5.25-5.50కి లేపినప్పుడు భువనేశ్వర్ కట్టే కిస్తీ కూడా లేచింది.

జపాన్ అప్పులది దీనికి తలకిందులు. రెంగాలి కాలవ పనులకి యెన్‌లలో తీసుకున్నారు. 100 యెన్‌లు 2021 మొదట్లో 70 రూపాయల దగ్గర, 2024 మధ్యలో 50ల్లోకి దిగాయి. అసలు రూపాయల్లో తగ్గిపోయింది. యెన్ కూడా రిజర్వు కరెన్సీయే. అప్పు చేసేటప్పుడు వడ్డీ శాతం మాత్రమే చూసి సంతకం పెట్టకూడదనడానికి రెండు ఉదాహరణలూ పక్కపక్కనే ఉన్నాయి.

జీడిపిక్క (పర్లాకిమిడి)
నాది వ్యాపారం ప్రశ్న. పలాస, కాశీబుగ్గ, మా వైపు జీడి బట్టీలు ఆఫ్రికా పిక్కల మీద నడుస్తాయి. బిల్లు డాలర్లలో, 180 రోజుల గడువు. రూపాయి అప్పు 9.5, డాలరు అప్పు 5.8 అని చెబుతున్నారు. డాలరుదే తీసుకోవాలా?

మహేంద్రతనయ
5.8 మీద ఆగకండి. టన్ను 1,500 చొప్పున 100 టన్నులు, లక్షా యాభై వేల డాలర్లు అనుకుందాం. 85 దగ్గర 1 కోటి 27.5 లక్షలు. మేస్టారి భాగహారం ప్రకారం ఫార్వర్డ్ ఖర్చు ఏడాదికి 2.4 శాతం, 5.8కి కలిపితే 8.2. మీ బ్యాంకు ఇచ్చే గ్యారంటీ కమిషన్ 1 శాతం వేసుకోండి (మన బ్యాంకు విదేశీ బ్యాంకుకి ఇచ్చే హామీ పత్రాలు, ఎల్‌ఓయూలు, 2018 మార్చిలో ఆపేశాక గ్యారంటీయో, దానిలాంటిదే అయిన ఎస్‌బీఎల్‌సీయో తప్పదు). 9.2 అయ్యింది. 9.5కీ దీనికీ మిగిలింది 0.3. అదే నిజమైన లాభం, మిగతాది జూదం. ఆరు నెలల ఫార్వర్డ్ 86 దగ్గర కట్టుకుంటే 1 కోటి 29 లక్షలు ఖాయం. కట్టుకోకుండా 88.50 అయితే 1 కోటి 32.75. మూడు లక్షల డెబ్బై అయిదు వేలు అదనం. పప్పులో అంత మార్జిన్ ఉంటే సరే.

బుక్ చేసేటప్పుడు కార్డు రేటు (బ్యాంకు తన కమిషన్ కలిపి అందరికీ ప్రకటించే రేటు) ఒప్పుకోవద్దు. బజారు రేటు మీద ఎన్ని పైసలు వేస్తున్నారో విడిగా అడగండి. సీసీఐఎల్ సంస్థ నడిపే విదేశీ మారకపు ఆన్‌లైన్ వేదిక ఎఫ్‌ఎక్స్-రిటైల్‌లో నమోదైతే రేటు మీ కళ్ల ముందే కనిపిస్తుంది.

జీడిపిక్క
ఓడ ఆలస్యమై తేదీ దాటితే?

మహేంద్రతనయ
ఒకే తేదీకి కట్టకండి. నెల రోజుల విండోతో ఆప్షన్ పీరియడ్ ఫార్వర్డ్ అడగండి. దిగుమతిదారుకి ప్రీమియం విండో చివరి తేదీ దాకా లెక్కేస్తారు, పదిహేను ఇరవై పైసలు ఎక్కువ పడుతుంది. విండో కూడా దాటితే రద్దు చేసి ఆ రోజు రేటుకి మళ్లీ కట్టుకోవాలి. గడువు దాటాక మీరు అడగకపోతే బ్యాంకే రద్దు చేసి తేడా మీ ఖాతాలో రాస్తుంది. కాబట్టి గడువుకి రెండు పనిదినాల ముందే ఉత్తరం ఇవ్వండి.